ఇంట్లో తెలుసు, బళ్ళో తెలియదు

హకొదాతే జపాన్ ఉత్తరాన హొక్కయిదో దీవిలో ఒక రేవు పట్నం. వీధులు కొండ మీంచి జారి తిన్నగా సముద్రంలో దిగుతున్నట్టుంటాయి. ఆ ఊళ్ళో ఔట్‌పోస్టు డ్యూటీ చేసుకునే ఒక కుర్ర పోలీసుకి, పెళ్ళికాని అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే ఒక విందులో ఒకమ్మాయి పరిచయమవుతుంది. పెద్ద పిల్లలాగే మాట్లాడింది, పెద్ద పిల్లలాగే తయారైంది. తీరా చూస్తే 16 ఏళ్ళ హైస్కూలు పిల్ల. మైనరుతో తిరిగాడంటే పోలీసు ఉద్యోగం ఊడుతుంది. దణ్ణం పెట్టి తప్పుకుంటాడు. తర్వాత ఒక కొట్లాటలో అతనికి అడ్డం పడి ఆ పిల్ల దెబ్బ తింటుంది. అప్పుడు అతనికో ఉపాయం తడుతుంది. ప్రేమించుకుంటే తప్పు, పెళ్ళి చేసుకుంటే తప్పు కాదు. అయితే పెళ్ళే చేసుకుందాం, కాకపోతే బడిలో ఎవరికీ చెప్పొద్దు!

2017 మార్చిలో వచ్చిన 'పీ టు జేకే' కథ ఇది. పీ అంటే పోలీసు, జేకే అంటే 'జోషి కోసెయి', హైస్కూలు ఆడపిల్ల. మియోషి మకి 2012 నుంచి ఒక అమ్మాయిల మాసపత్రికలో గీస్తూ వచ్చిన మాంగా బొమ్మల కథకి ఇది తెర రూపం. కామెనాషి కజుయా, త్సుచియా తావో జంట. కథ వింటే ఎవరో తిక్క రచయిత అల్లిన అసంభవంలా ఉంటుంది కానీ, ఆనాటి జపాన్ చట్టం ప్రకారం ఇందులో ఒక్క పిసరు కూడా అసంభవం లేదు. నాకు ఆసక్తి కలిగించింది అదే. రహస్య పెళ్ళి మీద జపాన్ వాళ్ళు నవ్వుకున్న నవ్వంతా చట్టంలోని సందుల్లోంచి పుట్టింది. ఆ సందులు మూసుకుంటే నవ్వు తీరూ మారిపోయింది.

ముందు మన కళ్ళతో ఒకసారి చూద్దాం. దొంగచాటు పెళ్ళి అనగానే తెలుగు ప్రేక్షకుడికి తట్టేది 'సఖి'. 2000లో మణిరత్నం తమిళంలో తీసి మనకి డబ్బింగై వచ్చిన సినిమా. అందులో జంట గుళ్ళో పెళ్ళి చేసుకుని, ఏమీ ఎరగనట్టు ఎవరింటికి వాళ్ళు వెళ్ళి అన్నం తింటారు. స్నేహితులకి తెలుసు, పెళ్ళి చేయించిన వాళ్ళకి తెలుసు, అమ్మానాన్నలకే తెలియదు. మన సినిమాల్లో దాపరికం ఎప్పుడూ ఇంటి నుంచే. కులమో ఆస్తో అంతస్తో, అడ్డు పడేది ఇల్లు.

జపాన్ కథల్లో ఇది తిరగబడి ఉంటుంది. ఇంట్లో వాళ్ళకి తెలుసు. చాలాసార్లు సంతకం పెట్టిందీ వాళ్ళే, ఎందుకంటే మైనరు పెళ్ళికి తల్లిదండ్రుల ఒప్పుదల కావాలని సివిల్ కోడ్ 737వ అధికరణం అనేది. తెలియకూడనిది బడికి, ఆఫీసుకి, అభిమానులకి. అమ్మానాన్నల్ని ఒప్పించేశాక కూడా ఒప్పుకోని వాళ్ళు ఇంకెవరో మిగిలి ఉన్నారంటే ఆ సమాజంలో అసలు పెత్తనం ఎక్కడుందో తెలిసిపోతుంది. ఈ కోవ కథల్ని వరసగా చూస్తే నాకు కనబడింది ఇది. చాలామంది విమర్శకులు వీటిని టీనేజీ పిచ్చి కథలని ఒక్క మాటతో తోసేస్తారు. పిచ్చి కథలే, కాదనను. కానీ పిచ్చి కథలో ఎవరికి భయపడుతున్నారో చూడాలి కదా.

అసలు పెళ్ళిని దాచడం అంత తేలికా అని అనుమానం రావచ్చు. మనకి వెయ్యిమందికి భోజనాలు పెట్టకపోతే పెళ్ళి అయినట్టే లెక్క కాదు. జపాన్‌లో చట్టం దృష్టిలో పెళ్ళంటే ఒక కాగితం. పేరు 'కొన్-ఇన్ తొదొకె', పెళ్ళి నమోదు పత్రం. ఇద్దరూ నింపి, పెద్దవాళ్ళైన ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి ఊరి పురపాలక ఆఫీసులో ఇస్తే సరి. ఫీజు లేదు, ముహూర్తం లేదు. సెలవు రోజైనా అర్ధరాత్రయినా కాపలా మనిషి కూర్చునే గది కిటికీలోంచి తీసుకుంటారు. గుడిలో జరిగే తంతుకీ, హోటల్లో తెల్ల గౌనులో జరిగే వేడుకకీ చట్టంలో విలువ సున్నా. పెళ్ళయిందనడానికి మామూలు జనం వాడే మాటే 'న్యూసెకి', అంటే కుటుంబ రిజిస్టరులోకి చేరడం. నవంబరు 22న ఆ కిటికీల దగ్గర రద్దీ ఎక్కువ. 11, 22 అంకెల్ని కలిపి పలికితే 'ఈ ఫూఫు', మంచి దంపతులు అని వస్తుందట. శుభముహూర్తాన్ని పంచాంగంలో కాకుండా శ్లేషలో వెతుక్కునే జాతి!

మన ప్రత్యేక వివాహ చట్టం, 1954, దీనికి సరిగ్గా ఎదురు. మతం ఊసు లేకుండా రిజిస్టర్ పెళ్ళి చేసుకోవాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు ఆఫీసులో అందరి కంటా పడేలా అంటిస్తారు. అభ్యంతరం ఉన్నవాడు రావచ్చు. ఆ బోర్డుకి భయపడే మన ప్రేమజంటలు ఆర్యసమాజం మెట్లెక్కుతాయి. జపాన్‌లో అలాంటి బోర్డు లేదు. ఎవరికీ చెప్పకుండా పూర్తి చట్టబద్ధంగా భార్యాభర్తలు కావచ్చు. రహస్యానికి తలుపు ప్రభుత్వమే తీసి పెట్టింది.

పాతకాలంలో అయితే పెళ్ళి మొదలయ్యేదే దొంగచాటుగా. వెయ్యేళ్ళ కిందటి హెయియాన్ యుగపు దొరల ఇళ్ళలో వరుడు రాత్రిపూట వధువు ఇంటికి వచ్చి, తెల్లవారేలోగా వెళ్ళిపోయేవాడు. వరసగా మూడు రాత్రులు వస్తే, మూడో రాత్రి ఇద్దరికీ బియ్యపు ముద్దలు తినిపించేవారు. ఆ తర్వాతి విందు పేరు 'తొకోరో-అరవాషి', అంటే బయటపెట్టడం. అల్లుడెవరో అప్పుడు అధికారికంగా బయటపడేవాడు. మామగారి ఇంట్లో పనివాళ్ళందరికీ మూడు రోజులుగా తెలిసిన సంగతే అయి ఉంటుంది, అది వేరే మాట.

ఇక తెర సంగతి. ఈ కోవకి పెద్దమ్మ లాంటిది సినిమా కాదు, టీవీ ధారావాహిక. 1970 సెప్టెంబరులో టీబీఎస్ చానల్లో మొదలై ఏడాది పాటు నడిచిన 'ఒకుసామా వా 18-సాయి', అంటే 'ఆవిడ వయసు 18'. ఒకజాకి యుకి విద్యార్థిని, ఇషిదాతే తెత్సువో టీచరు. ఒకే స్కూలు, ఒకే ఇల్లు. ఇంట్లో ఏమండీ, బళ్ళో మాస్టారూ. దీని మూలం హొన్‌మురా మియోకో బొమ్మల కథ. పేరులోని ఒరవడి మాత్రం అంతకుముందు నుంచే జనం నోళ్ళలో ఉంది. అమెరికా హాస్య ధారావాహిక 'బివిచ్డ్'ని 1966 నుంచి 'ఆవిడ మంత్రగత్తె' అనే అర్థం వచ్చే పేరుతో జపనీస్‌లో వేశారు. భార్యలో ఊరికి తెలియని రహస్యం ఒకటి ఉండటమే రెంటికీ ఇరుసు. అక్కడ మంత్రశక్తి, ఇక్కడ స్కూలు యూనిఫారం.

1970 అన్న తేదీ ఊరికే రాలేదు. పెద్దలు కుదిర్చే 'ఒమియాయి' పెళ్ళిళ్ళని ప్రేమ పెళ్ళిళ్ళు సంఖ్యలో దాటింది 1960ల చివరి ఏళ్ళలోనే. 1972లో ఆ దేశంలో 11 లక్షల జంటలు పెళ్ళి చేసుకున్నాయి, అది ఇప్పటికీ రికార్డు. పెళ్ళి అంటే హడావుడిగా, కొత్తగా, కుర్రతనంగా ఉన్న రోజులు. ప్రేమకథకి మాత్రం అడ్డంకి కావాలి. పెద్దలు పక్కకి జరిగితే అడ్డం పడేదెవరు? రచయితలు దొరికిన ఉపాయం వాడుకున్నారు. ముందే పెళ్ళి చేసేసి, ఆ తర్వాత దొంగప్రేమ నడిపించారు. తాళి కట్టిన మొగుణ్ణి క్లాసులో దొంగచూపులు చూడటంలో ఉన్న గిలిగింత ఎంత చవకదో అంత బలమైనది. ప్రేక్షకుడికి తప్పు చూస్తున్న సరదా దక్కుతుంది, తప్పు చేస్తున్న బెరుకు ఉండదు. వాళ్ళు మొగుడూ పెళ్ళాలే కదా!

ఈ కథలన్నిటినీ నడిపే క్రియాపదం ఒకటుంది: 'బరేరు'. గుట్టు బయటపడటం. బరేరు అవుతుందా అవదా అన్న ఒక్క ప్రశ్న మీద వారం వారం అరగంట గడిపెయ్యాలి. అందుకే ఇది టీవీకి నప్పినంతగా సినిమాకి నప్పలేదు. 1971లోనే దైయే స్టూడియో 'ఒకుసామా వా 18-సాయి'ని వెండితెరకీ ఎక్కించింది. అదే ఏడాది డిసెంబరులో స్టూడియో దివాలా తీసింది, ఆ పాపం ఈ బొమ్మది కాదులెండి. గుట్టు కథకి పొడుగు కావాలి. టిఫిన్ బాక్సులు మారిపోవాలి, పక్కింటావిడ రావాలి, ఇద్దరూ ఒకే రోజు ఒకే రకం జలుబుతో బడికి రావాలి. రెండు గంటల్లో గుట్టు దాచడమూ విప్పడమూ రెండూ జరిగిపోతే మధ్యలో నవ్వుకి చోటుండదు.

ఈ సరుకు సముద్రాలు దాటింది కూడా. హాంకాంగ్‌లో 2002లో 'మై వైఫ్ ఈజ్ 18', కొరియాలో 2004లో 'మై లిటిల్ బ్రైడ్' వచ్చాయి. రెండింటిలోనూ పెద్దల కోసం పెళ్ళి, బళ్ళో దాపరికం. కొరియా సినిమాలో మొగుడు శిక్షణ టీచరుగా భార్య చదివే బడికే వచ్చి పడతాడు. హాస్యంలో జపాన్ సినిమాల కంటే ఇవే చురుకైనవని నా లెక్క.

2000 తర్వాత మాంగాల్లో ఈ కోవ మళ్ళీ మొలకెత్తింది. కొబయాషి హియొకో గీసిన 'ఒకుసామా వా జోషి కోసెయి' 2005లో యానిమేషన్‌గా వచ్చింది. ఫిజిక్సు మాస్టారు మొగుడు, విద్యార్థిని పెళ్ళాం. పిల్ల చదువు పూర్తయ్యేదాకా ఆమెని ముట్టుకోకూడదని మామగారి షరతు. ఇంట్లో తెలుసు అన్నానే, ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? తనకా మెకా గీసిన 'కిస్ యోరిమొ హయాకు'లో తల్లీ తండ్రీ లేని 16 ఏళ్ళ పిల్ల, చిన్న తమ్ముణ్ణి చంకనేసుకుని, తన క్లాసు టీచర్నే పెళ్ళాడుతుంది. అక్కడ పెళ్ళి అంటే ప్రేమకంటే ముందు ఒక నీడ, ఒక ఇల్లు.

ఇక్కడ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. బాల్యవివాహం మీద 1929లో శారదా చట్టం తెచ్చుకున్న దేశం వాళ్ళం. 'కన్యాశుల్కం' చదివి పెరిగిన తెలుగువాడికి 16 ఏళ్ళ భార్య అనగానే నవ్వు రాదు, బుచ్చమ్మ గుర్తొస్తుంది. పైగా మార్కులు వేసే టీచరు, చట్టం చేతిలో ఉన్న పోలీసు, ఇద్దరూ ఆ పిల్లకంటే బలం ఉన్నవాళ్ళు. ఈ కథల్లో ఆ బలాన్ని మొగుడి మంచితనం కింద మార్చి చూపిస్తారు. అతను ముద్దు పెట్టడానికి కూడా తటపటాయిస్తాడు కాబట్టి మంచివాడు. ఆ తటపటాయింపే హాస్యం, అదే రచయితకి రక్షణ కవచం.

'పీ టు జేకే' తీసిన హిరోకి ర్యూయిచి ఈ మొహమాటం తెలియని దర్శకుడు కాడు. పెద్దల బొమ్మల్లో పని నేర్చుకుని, 2003లో 'వైబ్రేటర్' లాంటి ఒంటరి ఆడమనిషి కథ తీసినవాడు. తర్వాత 'స్ట్రోబ్ ఎడ్జ్', 'వుల్ఫ్ గర్ల్ అండ్ బ్లాక్ ప్రిన్స్' లాంటి టీనేజీ ప్రేమ సినిమాలకి మారాడు. ఈ సినిమాలోనూ కెమెరా దూరంగా నిలబడి వాలు వీధుల్ని, మంచు వెలుగుని ఓపిగ్గా చూస్తుంది. కానీ చేతిలో ఉన్న గుట్టుతో ఏం చెయ్యాలో కథకి తోచలేదు. సగం దాటాక ఒక ఆవారా కుర్రాడి బాధల్లోకి బండి మళ్ళుతుంది. పెళ్ళి దాచిన సంగతి దర్శకుడు కూడా మర్చిపోయాడా అనిపిస్తుంది. ప్రేమకథగా చక్కగా ఉన్న బొమ్మ, రహస్య పెళ్ళి హాస్యంగా మాత్రం చేతకానిది.

దీనికి కారణం దర్శకుడొక్కడే కాదు, కాలం కూడా. ఈ కోవ అంతటికీ కింద పునాది రాయి ఒకటుంది, సివిల్ కోడ్ 731వ అధికరణం. యుద్ధం తర్వాత రాసుకున్న కోడ్ మగవాడికి 18, ఆడపిల్లకి 16 పెళ్ళి వయసుగా పెట్టింది. అంతకుముందు, 1898 నాటి కోడ్‌లో అది 17, 15. పెళ్ళయితే మైనరు కూడా మేజరైనట్టే లెక్క అని 753వ అధికరణం. అంటే 16 ఏళ్ళ పిల్ల పొద్దున యూనిఫారం వేసుకుని క్లాసులో విద్యార్థిని, ఆస్తి పత్రాల దగ్గర మాత్రం పెద్ద మనిషి! ఇంకోవైపు ప్రిఫెక్చర్ల నిబంధనలు 18 నిండని వాళ్ళతో సంబంధాన్ని నేరం కింద చూసేవి, నిజమైన పెళ్ళికి మినహాయింపుతో. ప్రేమ నేరం, పెళ్ళి క్షేమం అన్న పోలీసు కుర్రాడి తర్కం ఈ రెండు చట్టాల మధ్య ఇరుకులోంచి వచ్చిందే.

సినిమా వచ్చిన మరుసటి ఏడాది, 2018 జూన్‌లో, పార్లమెంటు ఆ కోడ్‌ని మార్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆడా మగా ఇద్దరికీ పెళ్ళి వయసు 18. మేజరు వయసు కూడా 20 నుంచి 18కి దిగింది. తల్లిదండ్రుల ఒప్పుదల మాట పోయింది, 753 పోయింది. ఒక్క సవరణతో ఒక సినిమా జాతి మొత్తం చారిత్రక చిత్రాల్లో కలిసిపోయింది. ఇవాళ ఎవరైనా 'పీ టు జేకే'ని మళ్ళీ తియ్యాలంటే గోడ మీద పాత క్యాలెండరు వేలాడదియ్యాలి.

బడి పోయింది, ఆఫీసు ఉంది. నిజానికి పెళ్ళి దాచుకోవాల్సిన అవసరం జపాన్‌లో బడిపిల్లలకంటే ఉద్యోగం చేసే ఆడవాళ్ళకే ఎక్కువగా ఉండేది. పెళ్ళవగానే ఆడవాళ్ళు రాజీనామా చెయ్యాలన్న రూలు ఒకప్పుడు పెద్ద పెద్ద కంపెనీల్లో ఉండేది. సుమితోమో సిమెంట్ కంపెనీలో అలా తీసేసిన ఒకావిడ కోర్టుకి వెళితే, 1966 డిసెంబరులో టోక్యో జిల్లా కోర్టు ఆ రూలు చెల్లదంది. చట్టం చేసి దాన్ని నిషేధించడానికి 1985 దాకా పట్టింది. రూలు పోయినా దాని నీడ పోలేదు. మంగళ రాజీనామా అనే అర్థంలో 'కొతోబుకి తాయిష' అన్న ముద్దుపేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒకే ఆఫీసులో ఇద్దరు పెళ్ళి చేసుకుంటే ఒకరికి బదిలీ రావడం మామూలు విషయం. ఇంత సరుకు ఉండి కూడా ఆఫీసు గుట్టు పెళ్ళి మీద పేరు నిలిచే హాస్య చిత్రం రాలేదంటే, అది నవ్వుకోలేనంత నిజం కావడం వల్లేనేమో.

2010లు సగం గడిచేసరికి ఈ చొక్కాని తిరగేసి తొడిగారు. ఉన్న పెళ్ళిని దాచడం పోయి, లేని పెళ్ళిని చూపించడం వచ్చింది. ఉమినో త్సునామి మాంగా ఆధారంగా 2016లో టీబీఎస్ వేసిన 'నిగేరు వా హజి దగా యాకు ని తత్సు' దీని శిఖరం. పారిపోవడం సిగ్గే కానీ పనికొస్తుంది అని ఆ పేరుకి అర్థం, ఒక హంగరీ సామెత నుంచి వచ్చింది. పెద్ద చదువు చదివి ఉద్యోగం దొరకని మికురి, ఆడవాళ్ళంటే బెదిరే ఇంజనీరు హిరమాస ఇంట్లో పనికి కుదురుతుంది. తర్వాత ఇద్దరూ ఒప్పందం రాసుకుని లోకానికి భార్యాభర్తలమని చెబుతారు. నెల జీతం 1,94,000 యెన్లు. గృహిణి ఇంటిపనికి ప్రభుత్వం కట్టిన వెల ఏడాదికి 30,41,000 యెన్లు అన్న లెక్క ముందు పెట్టుకుని బేరం కుదుర్చుకుంటారు. అనుమానం రాకుండా మంగళవారం మంగళవారం కౌగిలించుకోవాలని పట్టిక వేసుకుంటారు. చివరి భాగానికి టోక్యో ప్రాంతంలో 20.8 శాతం రేటింగు వచ్చింది.

ఇది మనకి కొత్త కాదు. 1955లో 'మిస్సమ్మ' చేసింది ఇదే. ఉద్యోగం కావాలంటే దంపతులై ఉండాలి, కాబట్టి ఎన్టీఆర్, సావిత్రి మొగుడూ పెళ్ళాల్లా నటిస్తారు. సావిత్రి వేసిన మేరీకి చికాకు కలిగించేది మెడలో లేని పుస్తె, నుదుట పెట్టుకోవాల్సిన బొట్టు. మికురిని ఆలోచనలో పడేసేది జీతం. హిరమాస నిజంగా ప్రేమించి పెళ్ళి చేసుకుందాం అన్నాక, జీతం మిగులుతుంది కదా అని లెక్క చెబుతాడు. ప్రేమ పేరుతో నా పనిని ఉచితం చేస్తున్నావని ఆమె నిలదీస్తుంది. రొమాంటిక్ కామెడీలో హీరోయిన్ పెళ్ళి ప్రతిపాదనకి కార్మిక సంఘం భాషలో జవాబు చెప్పడం నేను చూసింది అదొక్కచోటే. పూర్వం కథల్లో బడి కంటికి దాచినది ముద్దుని. ఈ కథ బయటికి లాగింది ఇంటిపనిని. నా లెక్కలో ఈ కోవ మొత్తానికి ఇదే మేటి.

దాని వెనక బారులు తీరినవి చాలా ఉన్నాయి. 2021లో 'కొన్-ఇన్ తొదొకె ని హన్ ఒ ఒషితా దాకే దెసు గా', నమోదు పత్రం మీద ముద్ర మాత్రమే వేశాను అంటూ పేరులోనే సాకు చెప్పుకుంటుంది. వకకి తమికి మాంగా '365 డేస్ టు ద వెడ్డింగ్'లో ట్రావెల్ ఏజెన్సీ ఉద్యోగులిద్దరు, పెళ్ళికాని వాళ్ళని సైబీరియాలోని ఇర్కుత్స్క్ బ్రాంచికి పంపుతారని విని, పెళ్ళి కుదిరిందని అబద్ధం చెబుతారు. మంచులో ఉద్యోగం కంటే మొగుడు నయం! 2023లో జపాన్‌లో పెళ్ళిళ్ళు 5 లక్షల లోపుకి పడిపోయాయి. పెళ్ళి అరుదైపోయాక దాన్ని దాచుకోవడంలో కిక్కు ఏముంటుంది, ఉన్నట్టు నటించడంలోనే లాభం.

దాపరికం ఇంకా బతికి ఉన్న చోటు ఒక్కటే, తారల లోకం. వారపత్రికల భాషలో 'గొకుహి కెక్కొన్', అతి రహస్య పెళ్ళి. పాటల బృందాల అమ్మాయిలకి ప్రేమ నిషేధం కొన్నిసార్లు కాంట్రాక్టులోనే రాస్తారు. 2015లో టోక్యో జిల్లా కోర్టు అలాంటి ఒకమ్మాయిని సుమారు 6,50,000 యెన్లు కట్టమంది, 2016 జనవరిలో ఇంకో కేసులో అదే కోర్టు ప్రేమించడం మనిషి స్వేచ్ఛ అంటూ కంపెనీ దావాని కొట్టేసింది. ఫుకాద కోజి దీని మీద తీసిన 'లవ్ ఆన్ ట్రయల్' 2025లో కాన్ ఉత్సవంలో ఆడింది. అది హాస్యం కాదు. కాలేకపోవడం సహజం కూడా.

ఇక 'నిగేరు వా హజి' జంట అరగాకి యుయి, హోషినో గెన్ సంగతి. తెర మీద దొంగ మొగుడూ పెళ్ళాలుగా నటించిన వీళ్ళిద్దరూ 2021 మే 19న నిజంగానే పెళ్ళి చేసుకోబోతున్నామని ప్రకటించారు. అంతదాకా జనానికి వాసన కూడా తగల్లేదు. దానికి కొద్ది నెలల ముందు, అదే ఏడాది జనవరిలో, ధారావాహిక ప్రత్యేక భాగం ఒకటి వచ్చింది. కడుపుతో ఉన్న మికురి, హిరమాస అప్పటిదాకా కాగితం లేని కాపురం చేస్తున్నారు, ఇక నమోదు చేయించుకుందామని కూర్చుంటారు. దాచడానికి ఇప్పుడు ఎవరూ లేరు, నటించడానికీ ఎవరూ లేరు. పత్రంలో ఒక ప్రశ్నకి రెండు గడులు ఉంటాయి: ఇకపై ఇద్దరిదీ భర్త ఇంటిపేరా, భార్య ఇంటిపేరా? 750వ అధికరణం రెండూ ఉంచుకోనివ్వదు. ఆ దేశంలో నూటికి 95 జంటలు మొదటి గడిలోనే టిక్కు పెడతాయి. వీళ్ళిద్దరూ ఆ గడుల ముందు చాలాసేపు మాట్లాడుకుంటారు.